మావిచిగురు యెరుపు
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు మమ్మల్ని మొదట రైళ్ళ గురించి మాట్లాడమన్నారు. రైళ్ళ గురించి యేమి చెప్పినా చివరకు మీరు రిజర్వేషను సంగతే అడుగుతారని భయపడి, ఆకుల గురించి చెప్తామన్నాము. ఆకులలో చెప్పడానికి యేమున్నదని వారు నవ్వినారు. మేమూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నవారమే.

యీ హాలు గుమ్మానికి కట్టిన తోరణము చూడండి. అన్నీ ముదురాకులు, ముదురు పచ్చన. యీ ఆకులే ఆ చెట్టున మొలిచిన కొత్తలో రాగిరేకుల్లాగ యెర్రగా వుండి వుంటవి. మన వీధులలో అశ్వత్థ కట్టల మీది రావిచెట్లు ఆకురాల్చి మళ్ళీ చిగిర్చేటప్పుడు కూడా అంతే, చెట్టు చెట్టంతా తామ్రవర్ణము. పదిరోజులు గడిచేసరికి ఆ రంగు యెటు పోతుందో పోతుంది, పచ్చదనము మిగులుతుంది. కవులు యీ చిగురును కోయిలకు ఆహారముగా యిచ్చి వూరుకున్నారు. ఆకు పచ్చగా వుండవలసినదే గదా, మరి యెర్రగా యెందుకు పుట్టవలె అన్నదే మా ప్రశ్న.

మేము పదవ తరగతి ప్యాసయి ఆగినవారము. శాస్త్రము చెప్పే అర్హత మాకు లేదు. అయితే యీ యెరుపుతో మాకు పాత లావాదేవీ వున్నది.

మాది ఆదోని దగ్గర పల్లె. నల్లరేగడి, పత్తి. 2006లో, మేము పది వ్రాసిన యేడు, మా నాయన నాలుగెకరాల్లో పత్తి పెట్టినాడు. కాయ పట్టేదాకా పైరు బాగుండినది. కార్తీకము దాటి చలి ముదిరినాక, ఆకుల అంచులు యెర్రబారడము మొదలుపెట్టినవి. వారము తిరిగేసరికి చేను కుంకుమ చల్లినట్టయినది. నాయన నాలుగు ఆకులు కోసుకొని పురుగుమందుల అంగడికి పోయినాడు. అంగడివారు తెగులన్నారు, ఒక డబ్బా యిచ్చినారు. తగ్గలేదు. పురుగన్నారు, ఇంకొక డబ్బా. మూడోసారి రెండూ కలిపి కొట్టమన్నారు. అన్నీ అప్పు మీదనే. అంగడివారిని పూర్తిగా తప్పుపట్టము. పచ్చదోమ రసము పీల్చినా పత్తి ఆకు అంచులు యెర్రబడే మాట నిజమే. కాని ఆ చేనులో దోమ లేదు. ఆకు తిప్పి చూసినవారు లేరు.

ఆఖరున వచ్చిన వ్యవసాయాధికారి ఒకాయన ఆకును వెలుతురుకు యెత్తి పట్టి చూసి, "యీనెలు పచ్చగానే వున్నవి, నడుమ భాగమే యెర్రబడినది. దీనికి తిండి చాలలేదయ్యా, మెగ్నీషియం లేదు. పైన చలి ఒకటి," అన్నాడు. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి ముందే చల్లి వుంటే సరిపోయేదట. అప్పటికి కాయలు చిన్నగా వుండగానే పగిలిపోయినవి. ఆ అప్పు తీరేవరకు మా కాలేజీ మాట యెవరూ యెత్తలేదు. తరువాత మేము రైల్వేలో గ్యాంగు పనిలో చేరి, శాఖాపరీక్ష వ్రాసి గుమాస్తా అయినాము.

అప్పటినుంచి ఆకు యెర్రబడితే చాలు, మాకు తెగులనే తోచేది. అది తప్పని తెలిసినది యిక్కడ బెంగుళూరులో, మా క్వార్టరు వంటింటి వెనక.

మూడేళ్ళ క్రిందట మా అమ్మ వూరినుంచి యెర్ర గోంగూర విత్తనాలు పంపినది. ఇక్కడ సంతలో దొరికే పుండిసొప్పు కూడా గోంగూరే గాని, మా అమ్మ దృష్టిలో అది వేరే కులము. మా యింటావిడ ఆ గింజలను వంటింటి వెనక నీడలో తొట్టెలో చల్లినది. మొలిచినవి, యెదిగినవి. కాడలు మాత్రము పాలిపోయిన పచ్చన. మేము ఫోను చేసి, "అమ్మా, నిన్ను సంతలో మోసము చేసినారు. ఇది తెల్ల గోంగూర," అన్నాము. "ముప్పై యేండ్లుగా ఆ ముసిలామె దగ్గరే కొంటున్నాను. మీ పట్నము నీళ్ళలోనే యేదో వుంది నాయనా," అని ఆమె చిన్నబుచ్చుకున్నది. ఆ తరువాత రెండు నెలలు విత్తనాల మాట తీయలేదు. యింత చిన్న విషయానికి తల్లి మనసు నొప్పించినామే అని మాకు లోపల గుచ్చుకుంటూనే వుండినది.

పక్క క్వార్టరులో వుండే కన్నడిగుల అమ్మాయి వ్యవసాయ విశ్వవిద్యాలయములో, అదే జికెవికెలో, చదువుతున్నది. ఆమె తొట్టె చూసి, "అంకుల్, విత్తనము మీద నింద వేసే ముందు ఒక కుండీ మిద్దె మీద పెట్టి చూడండి," అన్నది. అదే పొట్లములో మిగిలిన గింజలను రెండు కుండీలలో వేసినాము. మట్టి ఒకటే, నీళ్ళు ఒకటే. ఒక కుండీ వంటింటి వెనక, ఒకటి మిద్దె మీద. నలభై రోజులకు మిద్దె మీది కుండీలో కాడలు దానిమ్మ గింజల రంగు తేలినవి. కింది కుండీలో తెలుపే. తరువాత కింది కుండీని కూడా పైకి చేర్చినాము. పది రోజులలో ఆ పాలిపోయిన కాడలకూ యెండ తగిలే వైపు యెరుపు జీర దిగినది, గోడ వైపు దిగలేదు. ఆ పూటే అమ్మకు ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాము. ఆమె యేమన్నదో సభలో చెప్పము.

ఇక ఆ అమ్మాయి విప్పి చెప్పగా మాకు అర్థమయినంత చెప్తాము.

యీ యెరుపు పదార్థము పేరు ఆంథోసయనిన్. 1835లో జర్మనీ దేశపు మార్క్వార్ట్ అనే ఆయన గ్రీకుమాటలు రెండు కలిపి పెట్టిన పేరు, పువ్వు నీలము అని అర్థము. ఆమ్లములో యెర్రగాను, క్షారములో నీలముగాను కనబడే వింత పదార్థమిది. దాన్ని తయారుచేసే వ్రాతలు, అంటే జన్యువులు, మొక్క ప్రతి కణములోనూ వుంటవి. నీడలోని గోంగూరకూ వున్నవి, యెండలోని గోంగూరకూ వున్నవి. వున్నంత మాత్రాన పని జరగదు. మా ఆఫీసు బీరువాలో రూలు పుస్తకము యెప్పుడూ వున్నది. అది వున్నందువల్లనే యెవరికైనా ఇంక్రిమెంటు పడినదా? కాగితము కదలవలె, సంతకాలు పడవలె.

చీకటిలో ఆ కాగితము కదలనివ్వని ఒక కాపలాదారున్నాడు. శాస్త్రజ్ఞులు వాడికి కాప్-1 అని పేరు పెట్టినారు. రంగు జన్యువులను లేపే హెచ్‌వై-5 అనే మాంసకృత్తును, తయారవుతూ వుండగానే, నాశనానికి అప్పగించడము వీడి పని. చీటీ వ్రాసినకొద్దీ చించివేయడమన్నమాట. వెలుతురు పడినప్పుడు దాన్ని పసిగట్టే కళ్ళు మొక్కకు చాలా వున్నవి. ఎర్ర వెలుతురుకు ఫైటోక్రోము, నీలి వెలుతురుకు క్రిప్టోక్రోము, యెండలోని అతినీలలోహిత కిరణాలలో 'బి' తరగతికి యూవీఆర్-8. ఇవి మేలుకొని కాపలాదారు చేతులు కట్టివేస్తవి. అప్పుడు చీటీలు చిరగకుండా పోగవుతవి. ఇదంతా చాలావరకు ఆవాల కుటుంబములోని అరబిడాప్సిస్ అనే చిన్న కలుపుమొక్కలో కనిపెట్టినారట. మనము పీకి పారవేసే జాతి మొక్క వారికి అంత చదువు చెప్పినది.

చీటీ చేరినంత మాత్రాన సరిపోదు. రంగు తయారయ్యే చివరి మెట్ల జన్యువులు కదలవలెనంటే మూడు మాంసకృత్తులు జట్టు కట్టి సంతకము పెట్టవలె. మిబ్ ఒకటి, బీహెచ్ఎల్‌హెచ్ ఒకటి, డబ్ల్యూడి-40 ఒకటి. పేర్లు మా ఆఫీసు సంక్షిప్తాలకంటె ఘోరముగా వున్నవి, క్షమించండి. మూడింటిలో మిబ్ ముఖ్యము. రంగు యెక్కడ రావలె, యెప్పుడు రావలె అన్నది చాలావరకు దాని చేతిలోనే వున్నది. సంతకాలు పడినాక ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లము ఒక చేతినుంచి ఇంకొక చేతికి మారుతూ, చివరకు చక్కెర తగిలించుకొని, కణములోని నీటితిత్తిలో యెర్రనీరై నిలుస్తుంది. మొదటి చేతి పేరు పాల్ అనే ఎంజైము.

యీ పాల్ యెంజైముకూ సూర్యకాంతికీ వున్న సంబంధాన్ని మన తెలుగునాటనే శోధించినారని విని మాకు చాలా సంతోషమయినది. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఎ. ఆర్. రెడ్డి, ఆర్. శర్మ గార్లు, వారితో పనిచేసినవారు, పర్పుల్ పుట్టు అనే వూదారంగు వరి మీద చేసిన పని 1994లో అచ్చయినది. ఆ వరి మొలకలకు రంగు తెప్పించేది యెండలోని అతినీలలోహిత 'బి' కిరణాలేనని, ఆ రంగు పాల్ తయారయ్యే ఒక ప్రత్యేక దశతో ముడిపడి వున్నదని వారు చూపించినారు. మా గోంగూరకు ఆధారము యీ వరి మొలకే. కిటికీ అద్దము వెలుతురును రానిస్తుంది గాని యీ 'బి' కిరణాలను దాదాపుగా ఆపివేస్తుంది. మనలో అపార్టుమెంట్లలో అద్దాల బాల్కనీలలో కుండీలు పెట్టుకున్నవారు గమనించవలె. పాలిహవుసులలో పెంచే యెర్ర లెట్యూసుకు కూడా, పైకప్పు యీ కిరణాలను ఆపే రకమైతే, రంగు తగ్గుతుంది.

గోంగూర మాట వచ్చినది గనుక ఇంకొక తెలుగుగడ్డ మాట. టి. ఆర్. శేషాద్రి అనే గొప్ప రసాయనశాస్త్రజ్ఞుడు 1933 నుంచి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయములో పనిచేసినారు. మన మొక్కల రంగులు వారి జీవితపు పని. గోంగూర జాతి పూలనుంచి, ఆంథోసయనినుకు దాయాది అయిన పసుపు పదార్థాన్ని తీసి, దాని నిర్మాణము నిర్ణయించి, వారు, పి. సూర్యప్రకాశరావు గారు 1942లో ప్రకటించినారు. మనము పచ్చడి నూరుకున్న మొక్కలో వారు రసాయనము చదివినారు.

సరే, మొక్కకు యీ తంటా యెందుకు? ఆకులోని పత్రహరితము యెండను పట్టి ఆహారము వండుతుంది. పట్టిన వెలుతురంతా వంటకు ఖర్చయితే గొడవ లేదు. ఖర్చుకు మించి పట్టితే, ఆ మిగులు శక్తి ప్రాణవాయువుతో కలిసి కణాన్ని కాల్చే విషమవుతుంది. లేత మావిచిగురులో వంటిల్లు ఇంకా పూర్తిగా కట్టలేదు. చుట్టూ చైత్రమాసపు యెండ. అందుచేత పత్రహరితము మీద పడవలసిన వెలుతురులో ఆకుపచ్చ భాగాన్ని, కొంత నీలి భాగాన్ని యీ యెర్రనీరు మధ్యలోనే మింగివేస్తుంది. గొడుగన్నమాట. చిగురు నేలవైపు వేలాడడము కూడా యెండ తప్పించుకొనే ఉపాయమే. ఆకు ముదిరి, వంటిల్లు స్థిరపడినాక గొడుగు మడుస్తుంది. పురుగులకు యెర్రనిది ఆకుగా కనబడదని, అందుకే ఆ రంగని చెప్పేవారూ వున్నారు. రెండూ కొంత నిజము కావచ్చు. మాకు మాత్రము గొడుగు మాటే యెక్కువ నచ్చినది, గోంగూరలో నీడవైపు రంగు రాకపోవడము మేము కళ్ళారా చూసినాము గనుక.

ఇప్పుడు మా నాయన పత్తిచేనుకు రండి. అక్కడ ఆకు లేతది కాదు, ముదిరినదే. కాని చలిరాత్రులలో ఆకు వండిన చక్కెర కాయలకు సరిగా దిగదు, ఆకులోనే నిలవపడుతుంది. చక్కెర నిలవపడడము మిబ్ సంతకానికి సిఫారసు వంటిది. కాయలు చూస్తే ఆకులోని నత్రజనిని లాగుకొంటున్నవి. నత్రజని దండిగా వున్నప్పుడు యెరుపును అణచి వుంచే మాంసకృత్తులు కొన్ని వున్నవి, నత్రజని తగ్గితే వాటి పట్టు సడలుతుంది. మెగ్నీషియము పత్రహరితపు నడిబొడ్డున వుండే లోహము, అది చాలకపోతే వంటిల్లే కుంటుతుంది. యెండ మాత్రము యథాప్రకారము కాస్తూనే వున్నది. నిన్నటిదాకా సరిపోయిన వెలుతురు నేడు మిగులయిపోయినది. కావున ఆకు గొడుగు తెరిచినది. చలిలో, భాస్వరము చాలనిచోట, లేత మొక్కజొన్న వూదారంగు తిరగడము కూడా యీ మోస్తరుదే.

అంటే ఆ చేనులో యెరుపు రోగము కాదు. ఆకలితో వున్న ఆకు తనను తాను కాపాడుకోవడానికి చేసిన ప్రయత్నము. మేము దానిమీద మూడుసార్లు మందు కొట్టినాము. ఇది తెలిసిననాడు మా నాయన లేడు. వుండివుంటే పక్కన కూర్చోబెట్టుకొని చెప్పవలెనని మాకు చాలా అనిపించినది. ఇంకా సేద్యములో వున్న అన్నదమ్ములు మీలో చాలామందికి వున్నారు. వారికి ఒక్క మాట చేరవేయండి. ఆకు యెర్రబడితే ముందు తిప్పి అడుగున దోమ వున్నదేమో చూడమనండి, యీనెలు పచ్చగా వున్నవేమో చూడమనండి, చలి లెక్క వేయమనండి. అంగడికి ఆ తరువాతనే.

తల్లులొకరు ఇందాక ఫలహారాల దగ్గర, "మరి యెర్ర తోటకూర కూడా ఇంతేనా?" అని అడిగినారు. కాదు. ఇక్కడివారు కెంపు హరివె అనే ఆ కూరది, యెర్ర బచ్చలిది, బీట్‌రూటుది, కాగితపు పూలది వేరే రంగు, బీటాలెయిన్ అంటారు. దానికీ వెలుతురుతో పని వున్నది గాని, తయారీ దారి వేరు. విచిత్రమేమంటే ఆంథోసయనిన్ వున్న మొక్కలో బీటాలెయిన్ వుండదు, బీటాలెయిన్ వున్న మొక్కలో ఆంథోసయనిన్ వుండదు. ఇంట్లోనే చూడవచ్చును. యెర్ర గోంగూర కాయల తొడుగులు నీళ్ళలో మరిగించి చిటికెడు వంటసోడా వేస్తే యెరుపు విరిగి నీలము వైపు పోతుంది. తోటకూర నీళ్ళలో అదే చిటికెడు వేస్తే అంత మార్పు రాదు. పిల్లలు చేసి చూడండి. సోడా మీ అమ్మగారిని అడిగి తీసుకోండి.

మన బెంగుళూరు విషయమూ ఒకటున్నది. జికెవికె ఆవరణలోనే వున్న జాతీయ జీవశాస్త్ర కేంద్రమువారు 2019లో ద్రాక్ష మీద ఒక పని ప్రకటించినారు. అతి చిన్న ఆర్ఎన్ఎ తునకలు రెండు ఒక మిబ్ జన్యువును అదుపుచేసి, ద్రాక్షలో ఆంథోసయనిన్ పెరగడానికి తోడ్పడుతున్నవని. అన్ని మిబ్‌లూ రంగు తెచ్చేవి కావు, కొన్ని ఆపేవి కూడా వుంటవి. ఆఫీసులో సంతకము పెట్టే అధికారులున్నట్లే, పెట్టనివ్వనివారూ వుంటారు గదా. ఇంతకుమించి మేము మాట్లాడితే మా ఉద్యోగానికే ముప్పు.

పోయిన యేడు యిదే వేదిక మీద ఒక పెద్దమనిషి, పరాయి నేలలో మనవాళ్ళ రంగు వెలిసిపోతున్నదని బాధపడినారు. మా గోంగూర మట్టుకు బెంగుళూరు మట్టివల్ల వెలవలేదు, నీడవల్ల వెలిసినది. తెల్ల గోంగూరను యెంత యెండలో పెట్టినా యెర్ర గోంగూర కాదు, ఆ సంగతీ వున్నది. ఆ పోలికను అంతటితో వదిలివేస్తాము. మనుషులు ఆకులు కారు, పిల్లలను మిద్దె మీద యెండబెట్టలేము.

మా యింటావిడ అభిప్రాయము కూడా చెప్పకపోతే యింటికి పోలేము. నీడ కుండీలోని ఆకే లేతగా వుండి పప్పులోకి బాగున్నదని ఆమె వాదన. "రంగు మీరు చూసుకోండి, ఆకు మాకు వదిలిపెట్టండి," అంటున్నది. అందుచేత మా యింట్లో ఇప్పుడు రెండు కుండీలూ సాగుతున్నవి, ఒకటి పైన, ఒకటి కింద.

మా అమ్మ యీసారి శేరు గింజలు పంపినది. పొట్లాలు కట్టి తెచ్చినాము. గుమ్మము దగ్గర, ఉగాది పచ్చడి బల్ల పక్కన పెట్టి వున్నవి, తలా ఒకటి తీసుకోండి. మిద్దె వున్నవారు మిద్దె మీద పెట్టండి. అద్దాల బాల్కనీలో పెట్టి, తెల్లగా వచ్చినదని మాత్రము మా అమ్మను అనకండి.